మెదడును చదవాలనుకునే అమ్మాయికి

ఫిల్మ్‌నగర్ బస్తీ నుండి ఒక తల్లి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఆమె భర్త స్టూడియోలలో లైట్ల విభాగంలో పని చేస్తారు. షూటింగ్ ఉన్న రోజు కూలి ఉంటుంది, లేని రోజు ఉండదు. పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో వచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ కళాశాలలో సీటు దొరకలేదు. ప్రైవేటు సీటుకు అయ్యే ఫీజు విని ఆ తండ్రి ఆ రాత్రి భోజనం ముందు కూర్చుని లేచిపోయారట. ఇప్పుడు ఆ అమ్మాయి, "డాక్టరు సీటు రాకపోతే పోనీ అమ్మీ, నేను మెదడు మీద పరిశోధన చేస్తాను" అంటోంది. ఇంట్లో దాదీకి రెండేళ్లుగా మతిమరుపు. మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తారు, తిన్న గంటకే అన్నం పెట్టలేదని బాధపడతారు. ఆమెను చూసే పిల్లకు ఈ ఆలోచన పుట్టి ఉంటుందని తల్లి అంటున్నారు. "డాక్టరు కాకుండా మెదడు చదువు ఉంటుందా? ఉంటే అది తిండి పెడుతుందా? ఎన్నేళ్లు పడుతుంది? అంతవరకు ఆడపిల్లను ఇంట్లో ఉంచుకోవడమెలా?" అని అడిగారు.

ఏ తల్లి అయినా అడగవలసిన ప్రశ్నలే ఇవి. మన ఇళ్లలో చాలామందికి మెదడు అనగానే గుర్తుకు వచ్చేది ఆపరేషన్ గది. జూబ్లీహిల్స్ వైపు ఉన్నవారికి కొండమీది పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు, అక్కడి న్యూరాలజిస్టులు, న్యూరోసర్జన్లు కళ్లముందు మెదులుతారు. వారు వ్యాధికి చికిత్స చేసేవారు. ఎంబీబీఎస్, ఆపై ఎండీ లేదా ఎంఎస్, ఆపై డీఎం లేదా ఎంసీహెచ్ చదివి ఆ స్థానానికి చేరినవారు. వారు ఏ చికిత్స చేయాలో తెలుసుకోవడానికి ముందు మెదడు ఎలా పని చేస్తుందో ఎవరో కనుగొని ఉండాలి. ఆ కనుగొనేవారిలో అధికులు డాక్టర్లు కారు. జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం చదివినవారు. వారి రంగాన్నే న్యూరోసైన్స్ అంటారు.

ఒక ఉదాహరణ చెబితే విషయం తేలికవుతుంది. మన సినిమాలలో తలకు దెబ్బ తగిలితే కథానాయకుడు తన పేరు, తల్లిని, ప్రేయసిని మరచిపోతాడు. మరొక దెబ్బ తగలగానే అన్నీ గుర్తుకు వస్తాయి. నిజంగా జరిగేది దాదాపు దీనికి తలక్రిందులు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకునికి మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు వైపులా లోపలి భాగాన్ని తొలగించారు. మూర్ఛలు తగ్గాయి. అతనికి తన పేరు తెలుసు, తల్లిదండ్రులు తెలుసు, బాల్యం తెలుసు. కొత్త సంగతి మాత్రం ఏదీ నిలిచేది కాదు. పది నిమిషాల క్రితం కలిసిన మనిషి మళ్లీ గదిలోకి వస్తే కొత్త మనిషే. 'గజిని' చూసినవారు ఈ స్థితిని కొంతవరకు ఊహించుకోగలరు.

బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతనికి ఒక పని అప్పగించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలుతో గీయడం. అది మనకూ కష్టమే. రోజురోజుకూ అతని చేయి మెరుగుపడింది. అయినా ప్రతిరోజూ అతను ఈ పనిని మొదటిసారి చేస్తున్నాననే అనుకునేవాడు. చేతి నేర్పు నిలిచేచోటు, సంఘటనల జ్ఞాపకం నిలిచేచోటు మెదడులో వేరు వేరు అని అలా తేలింది. జ్ఞాపకశక్తి గురించి నేడు మనకు తెలిసిన దానిలో ఎంతో భాగం ఆ గదిలో మొదలైంది. మిల్నర్ డాక్టరు కారు, మనస్తత్వశాస్త్రవేత్త. నమాజు సూరాలు తప్పకుండా చదివే దాదీ ఉదయం ఏం తిన్నదీ చెప్పలేకపోవడం చూసి ఆశ్చర్యపడే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. చిన్ననాటి నుండి నాలుకకు అలవడినది ఒక చోట, నిన్నటి సంగతి మరొక చోట.

ఆ తండ్రి వెలుగులు అమర్చే దృశ్యాలు కూడా ఈ శాస్త్రానికి ముడిసరుకే అంటే ఆయన నవ్వుతారేమో. ఊరి హాసన్ అనే శాస్త్రవేత్త బృందం స్కానింగ్ యంత్రంలో పడుకున్నవారికి సినిమాలు చూపించి, ఒకరి మెదడు స్పందనను మరొకరి స్పందనతో పోల్చింది. 2008లో ప్రచురించిన వ్యాసంలో వారు చెప్పినదేమంటే, హిచ్‌కాక్ తీసిన కథను చూస్తున్నప్పుడు మెదడు పైపొరలో 65 శాతం మేర ప్రేక్షకులందరిలో ఒకే తీరుగా స్పందించింది. ఒక పార్కులో కెమెరాను నిలబెట్టి కూర్పు లేకుండా తీసిన దృశ్యానికి అది 5 శాతం కన్న తక్కువ. కెమెరా ఎక్కడ పెట్టాలి, వెలుగు ఎటు పడాలి, ఎక్కడ కత్తిరించాలి అన్నది ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదులలో చేతితో నేర్చిన విద్య. అది వేలమంది చూపును ఒకే త్రాటిపై నడిపిస్తుందని ఈ కొలతలు చూపాయి.

అయితే ఆ ఉత్తరానికి అసలైన సమాధానం హాలీవుడ్‌లో లేదు. జూబ్లీహిల్స్ కొండ దిగి పంజాగుట్టకు వస్తే నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, మనందరి వాడుకలో నిమ్స్, ఉంది. అక్కడి న్యూరాలజీ విభాగంలో మతిమరుపు రోగులకు ప్రత్యేక క్లినిక్ నడిచింది. 2006 జూన్ నుండి 2012 అక్టోబరు వరకు ఆ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వంలోని బృందం పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారు. మిగిలినవారికి ఒక్క భాషే. వ్యాధి లక్షణాలు మొదట ఏ వయసులో కనిపించాయని లెక్కవేస్తే, ఒక భాష వారిలో సగటు వయసు 61 దాటింది. రెండు భాషల వారిలో 65 దాటి ఆరు నెలలు. అంటే నాలుగున్నర సంవత్సరాల తేడా.

ఆ భాషలు ఏవి? తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు వంటివి. ఇంట్లో దక్కనీ మాట్లాడి గడప దాటగానే తెలుగు మాట్లాడే మన కుటుంబాల వంటి కుటుంబాల నుండి వచ్చినవారూ ఆ లెక్కలో ఉన్నారు. (ఇంటి భాష తెలుగే అయిన దూదేకుల కుటుంబాలు, కోస్తా జిల్లాల ఎన్నో ముస్లిం ఇళ్లు ఉన్నాయని నాకు తెలుసు. మాట హైదరాబాదు గురించి.) ఇంతకు ముందు 2007లో కెనడాలోని టొరంటో పరిశోధకులు ఇటువంటి తేడానే గుర్తించారు. కానీ అక్కడ రెండు భాషల వారిలో చాలామంది పరదేశాల నుండి వలస వచ్చినవారు. తేడాకు కారణం భాషా, వలస జీవితమా అన్న సందేహం మిగిలిపోయింది. రెండు భాషల వారు ఎక్కువ చదువుకున్నవారేమో అన్నది మరో సందేహం. హైదరాబాదులో రెండు భాషలు మాట్లాడడానికి వలస రానక్కరలేదు, బడికి వెళ్లనక్కరలేదు. కూరగాయల బండి దగ్గర నిలబడితే చాలు. ఆ 648 మందిలో నూటికి 14 మంది నిరక్షరాస్యులు. వారిలోనూ రెండు భాషల వారికి వ్యాధి ఆలస్యంగానే వచ్చింది. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ఈ ఫలితం వచ్చినప్పుడు దేశదేశాల పరిశోధకులు హైదరాబాదు వైపు చూశారు. వారి సందేహాలకు సమాధానం ఇవ్వగల జీవనవిధానం ఈ నగరంలో ఉంది. ఆ తరువాత నిమ్స్‌లోనే 608 మంది పక్షవాత రోగులను పరిశీలించారు. జబ్బు తరువాత కూడా ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరనివారు రెండు భాషల వారిలో నూటికి 40 మంది, ఒక భాష వారిలో సుమారు 20 మంది. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాలకు తేడా కనిపించలేదు.

రెండు భాషలు తెలిసినవాని మెదడులో ఒక భాష మాట్లాడుతున్నప్పుడు రెండవది నిద్రపోదు. దానిని ఆపి ఉంచడం, అవసరమైనప్పుడు పిలవడం అన్నది రోజంతా సాగే వ్యాయామం. ఆ వ్యాయామం వల్ల కొంత నిల్వ బలం ఏర్పడుతుందని పరిశోధకుల వివరణ. ఇది వ్యాధిని రానివ్వని మందు కాదు. తరువాత ఇతర దేశాలలో జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. శాస్త్రంలో అది సహజం. దాదీకి రెండు భాషలు వచ్చినా మతిమరుపు వచ్చిందేమిటని ఆ అమ్మాయి అడిగితే, ఒక్క భాషే వచ్చి ఉంటే ఇంకా ముందే వచ్చేదేమో అన్నది ఒక ఊహ మాత్రమే. సగటు లెక్క ఒక మనిషి గురించి ఏమీ రూఢిగా చెప్పదు. పరిశోధన నేర్పే మొదటి పాఠం కూడా అదే.

ఆ పరిశోధన పత్రంపై ఉన్న పేర్లు చూడండి. నిమ్స్ డాక్టర్లతో పాటు ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత ఉన్నారు. మెదడు పనిని గణిత నమూనాలతో అధ్యయనం చేసే సూరంపూడి బాపిరాజు ఉన్నారు. ఎడిన్‌బరో నుండి థామస్ బాక్ ఉన్నారు. డాక్టర్లు రోగిని గుర్తించగలరు. ఎవరిని రెండు భాషల మనిషి అనాలి, దక్కనీని ఎక్కడ లెక్కలో చేర్చాలి అన్నది తేల్చడానికి భాష తెలిసినవారు కావాలి. జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలు ఇంగ్లీషు దేశాలలో తయారైనవి. వాటిని మాటకు మాట తెలుగులోకి మార్చితే పని జరగదు. పరీక్షలో చూపే జంతువునో వస్తువునో మన ముసలివారు ఎన్నడూ చూడకపోతే, పేరు చెప్పలేకపోవడం జబ్బు కాదు. అందుకే ఆ పరీక్షలను మన భాషలకు, మన జీవితానికి తగినట్లు తిరిగి తయారు చేయవలసి వచ్చింది. ఇంటి మాట తెలిసిన పరిశోధకురాలికి ఉన్న విలువ అక్కడ తెలుస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచే ఈఈజీ పరీక్షలో జుట్టు మధ్య, తల చర్మంపై జెల్ రాసి తీగలున్న టోపీ పెడతారు. పర్దా పాటించే స్త్రీ తల కప్పును పరాయి పురుషుల ముందు తీయదు. పరిశోధకురాలు స్త్రీ అయి, గది వేరుగా ఉంటే ఆమె నిస్సంకోచంగా పాల్గొనగలదు. లేకుంటే 'ఇష్టం లేదు' అని ఇంటికి వెళుతుంది, ఆమె మెదడు లెక్కలో చేరదు. ఎవరి మెదడు లెక్కలో చేరిందన్నది చిన్న విషయం కాదు. ప్రపంచమంతటా స్కానింగ్ చిత్రాలను పోల్చడానికి ఎంతోకాలం కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనానే ఆధారం. 2019లో మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 50 మంది పురుషులు, 50 మంది స్త్రీల స్కానింగులతో భారతీయ మెదడు అట్లాసును రూపొందించారు. పాశ్చాత్యుల సగటుతో పోలిస్తే మనవారి మెదడు కొలతలు కొంచెం చిన్నవని తేలింది. చిన్నది అంటే తెలివి తక్కువ అని కాదు. పరాయి కొలబద్దతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న మన వృద్ధుని మెదడు కుంచించుకుపోయినట్లు భ్రమ కలగవచ్చు. అందుకే సొంత కొలబద్ద అవసరమైంది.

దారుల విషయానికి వద్దాం. నీట్ రాలేదంటే జీవశాస్త్రం తలుపు మూసుకుపోలేదు. ఇంటర్ తరువాత ఐఐఎస్ఈఆర్ సంస్థలలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. తిరుపతిలో ఒకటి 2015లో వచ్చింది. దానికి ప్రవేశ పరీక్ష వేరు. లేకపోతే దోస్త్ ద్వారా మంచి ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ. హైదరాబాదు ఆడపిల్లలకు కోఠీ మహిళా కళాశాల, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయం, ఎన్నో తరాలకు ఆశ్రయమిచ్చింది. ఏ కళాశాల అయినా జీవశాస్త్రంతో పాటు గణాంకశాస్త్రమో కంప్యూటరో మనస్తత్వశాస్త్రమో ఒకటి పట్టుకోవడం మేలు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటి లెక్క సూక్ష్మదర్శినితో తేలేది కాదు, ప్రోగ్రాం రాయడం రావాలి. బైపీసీ పిల్లలు గణితం అంటే పారిపోవడం ఈ రంగంలో పెద్ద అడ్డంకి. ఇంగ్లీషు భయం కన్న ఇదే పెద్దదని నా అభిప్రాయం.

బీఎస్సీ తరువాత ఫిల్మ్‌నగర్ నుండి దూరం పోనవసరం లేదు. గచ్చిబౌలిలో ఉర్దూ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గర దగ్గరగా ఉన్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మెదడు, గ్రహణశక్తి అధ్యయనానికి ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ చేయవచ్చు. ప్రవేశం సీయూఈటీ-పీజీ ద్వారా. ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల ఉంది, అక్కడికి కంప్యూటర్ దారి నుండి వెళ్లడం సులభం. కణాల స్థాయిలో పని చేయాలనుకుంటే హబ్సిగూడలో 1977 నుండి ఉన్న సీసీఎంబీ. ఇల్లు విడిచి వెళ్లగలిగితే బెంగళూరులో నిమ్‌హాన్స్, భారతీయ విజ్ఞాన సంస్థ. ఢిల్లీ పక్కన మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం ఉంది. ఆ కేంద్రాన్ని 2003లో జాతికి అంకితం చేసింది రాష్ట్రపతి అబ్దుల్ కలామ్. దాని తొలి డైరెక్టరు విజయలక్ష్మి రవీంద్రనాథ్ బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. వైద్య పట్టా లేదు, జీవరసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ. ఆమె తరువాత బెంగళూరు సంస్థలో న్యూరోసైన్స్ కేంద్రానికీ పునాది వేశారు.

కంప్యూటర్ దారికి ఉదాహరణ కావాలంటే పాతబస్తీ పక్కనే ఉంది. కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివిన రాజేశ్ రావు అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం, గణితం చదివి మెదడు పరిశోధనలోకి వెళ్లారు. 2013 ఆగస్టులో సియాటిల్‌లో ఆయన ఒక భవనంలో కూర్చుని చేయి కదపాలని మనసులో అనుకున్నారు. ఆ సంకేతం ఇంటర్నెట్ ద్వారా వెళ్లి, మరో భవనంలో ఉన్న సహచరుని వేలు కీబోర్డుపై కదిలేలా చేసింది.

ఇక తిండి మాట. ఇక్కడ తీపి కబుర్లు చెప్పడం అన్యాయం. ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ సాధిస్తే, 2023 జనవరి నుండి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అంటే ఆ అమ్మాయి చదువుకుంటూనే ఇంటికి కొంత పంపగలదు. కానీ జేఆర్ఎఫ్ రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీలో చేరితే దక్కేది నెలకు 8,000 మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు, కూలదోయగలదు. అందుకే పేద ఇంటి పిల్లలకు నా సలహా ఒకటే: ఫెలోషిప్ చేతికి రాకుండా పీహెచ్‌డీ నమోదు చేసుకోవద్దు. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, జేఆర్ఎఫ్ వయోపరిమితిలో స్త్రీలకు ఐదేళ్ల సడలింపు ఉంది, ఒక ఏడాది ఆగడం నష్టం కాదు.

మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఉండేది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దానిని ఆపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించింది. ఇతర పథకాలతో అది కలిసిపోతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కారణం ఏదైనా, ఆ పేరు చెప్పి "మీ పిల్లకు ఎలాగూ ఫెలోషిప్ వస్తుంది" అని ఎవరైనా భరోసా ఇస్తే నమ్మవద్దు. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులు విదేశాలలో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి ముఖ్యమంత్రి పేరిట ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. దాని నిబంధనలను జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో స్వయంగా అడిగి తెలుసుకోండి, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వవద్దు.

పీహెచ్‌డీతో కథ ముగియదు. అధ్యాపక ఉద్యోగానికి ముందు రెండు మూడేళ్లు, ఒక్కొక్కసారి ఐదేళ్లు, పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పని తప్పదు. దానికి తరచూ వేరే ఊరో దేశమో వెళ్లాలి. ఉద్యోగం వచ్చాక జీతం గౌరవప్రదమే. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసరు మూలవేతనం 57,700తో మొదలవుతుంది, ఐఐటీల వంటి సంస్థలలో 1,01,500 నుండి. కానీ పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ పూర్తి చేసినవారు ఎక్కువ. చాలామంది మందుల కంపెనీలకు, ఔషధ ప్రయోగాల సంస్థలకు, డేటా ఉద్యోగాలకు వెళుతున్నారు. హైదరాబాదులో అవి ఉన్నందువల్ల ఇక్కడివారికి కొంత ఊరట. పదేళ్లు కాదు, నాలుగేళ్లలో సంపాదన కావలసిన ఇల్లు అయితే మెదడుకు దగ్గరగానే మరొక దారి ఉంది. బధిరత్వం, మాటల లోపాలకు చికిత్స నేర్పే కోర్సు. హైదరాబాదీ ప్రముఖుడు నవాబ్ అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్రం ఉంది. పక్షవాతంతో మాట పోయినవారికి మళ్లీ మాట నేర్పడం ఈ వృత్తిలో భాగం. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన స్పీచ్ థెరపిస్టు ఈ నగరంలో ఖాళీగా కూర్చోదు. అక్కడి నుండి పరిశోధనకు వెళ్లే తలుపు కూడా తెరిచే ఉంటుంది.

ఇంకా పెళ్లి ప్రశ్న ఉంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి లెక్కవేస్తే అమ్మాయికి 28, 29 ఏళ్లు వస్తాయి. అంతవరకు నికాహ్ వాయిదా వేయాలనే నియమం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లయి, ప్రసూతి సెలవు తీసుకుని, పసిబిడ్డతో పరిశోధన పూర్తి చేసేవారు ఉన్నారు. అబ్బాయి ఇంటివారితో ముందుగా మాట్లాడవలసింది ఒకటే: ఈ చదువు మధ్యలో ఆపదగినది కాదు, రాత్రి కూడా కొన్నిసార్లు ప్రయోగశాలలో ఉండవలసి రావచ్చు. కట్నం లెక్కలు అడగడానికి వెనుకాడనివారు ఈ మాట అడగడానికి ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు.

హిజాబ్ గురించి ఉత్తరంలో లేదు కానీ అడిగేవారుంటారు. ప్రయోగశాలలో మంట దగ్గర, తిరిగే యంత్రాల దగ్గర వేలాడే కొంగు ప్రమాదం కనుక తల కప్పును మెడ చుట్టూ బిగించి కట్టుకోవాలి. ఎమ్మారై గదిలోకి ఒక్క ఇనుప పిన్ను కూడా పోకూడదు. అక్కడి అయస్కాంతం దానిని తుపాకి గుండులా లాగుతుంది. పిన్నులు అక్కరలేని, లోహపు పోగు లేని కుట్టిన హిజాబ్ రెండు మూడు దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది. ఎలుకల మీద ప్రయోగాలకు మనసొప్పనివారు మనుషుల స్కానింగులు, భాషా పరీక్షలు, కంప్యూటర్ నమూనాల వైపు వెళ్లవచ్చు. ఈ రంగంలో ఎంతో పని ప్రాణుల జోలికి పోకుండానే జరుగుతోంది.

ఒక కోరిక నిజమైనదా, నీట్ నిరాశలో పుట్టినదా అన్నది ఇంట్లో కూర్చుని తేలదు. దాన్ని పరీక్షించడానికి మంచి ఏర్పాటు ఒకటి ఉంది. దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి డిగ్రీ విద్యార్థులను వేసవిలో రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గరకు పంపుతాయి. నెలనెలా భత్యం ఇస్తాయి, దరఖాస్తులు సాధారణంగా ముందు చలికాలంలోనే పిలుస్తాయి. బీఎస్సీ రెండవ సంవత్సరంలో ఆమె ఆ దరఖాస్తు పెట్టాలి. అక్కడ చేయించే పని వేల చిత్రాలలో కణాలు లెక్కపెట్టడమో, వంద మందిని ఒకే ప్రశ్న అడిగి సమాధానాలు పట్టికలో నింపడమో అయి ఉంటుంది. పదకొండు రోజులు చేసిన ప్రయోగం పన్నెండవ రోజు చెడిపోతుంది. ఆ రెండు నెలలలో ఆమె ఆ ప్రయోగశాలలోని పీహెచ్‌డీ విద్యార్థినులను విడిగా మూడు విషయాలు అడగాలి: ఇక్కడ చేరినవారు సగటున ఎన్నేళ్లలో పట్టా తీసుకున్నారు, మధ్యలో వదిలి వెళ్లినవారు ఎందుకు వెళ్లారు, ఫెలోషిప్ డబ్బు నెలనెలా వస్తోందా, ఆరు నెలలకొకసారి వస్తోందా.